గోడకి తగిలించే కత్తా, చేత్తో తిప్పే కత్తా? ఏది కొనాలో చెప్పండి

ఒరలేనికత్తి:

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప ఏమీ రాయలేదు, ఇప్పుడు మాత్రం అడక్క తప్పట్లేదు. ఒక కత్తి కొనాలని ఎప్పట్నుంచో కోరిక, ఈసారి గట్టిగానే అనుకున్నా. రెండు చూసిపెట్టుకున్నా. ఒకటి డెకరేషన్ పీస్, రెండు చేతులు పట్టే పిడి, పిడి చివర సింహం తల, గార్డ్ (పిడికీ బ్లేడ్‌కీ మధ్య అడ్డంగా ఉండేది) నిండా చెక్కుడు పని, బ్లేడ్ అద్దంలా మెరిసిపోతోంది, ఫొటో చూస్తే కళ్ళు తిప్పుకోలేం. రెండోది ఫంక్షనల్ అంటున్నారు, అదీ లాంగ్‌సోర్డే, అంటే రెండు చేతులతో పట్టే పొడుగు కత్తే, కానీ చూడ్డానికి ఏముంది, సాదా ఇనప గార్డ్, తోలు చుట్టిన పిడి, అంతే. రేటు చూస్తే ఈ సాదా దానికే ఎక్కువ, అదే నాకు అర్థం కావట్లేదు.

నా ప్లాన్ ఏంటంటే మామూలుగా హాల్లో గోడకి ఉంటుంది, బుద్ధి పుట్టినప్పుడు దింపి కాసేపు తిప్పుతా, ఫ్రెండ్స్ వస్తే నీళ్ళ బాటిల్స్ నరికి చూద్దాం అని కూడా ఉంది. అన్నిటికీ ఒకటే సరిపోతుంది కదా? సింహం తల దాని వివరాల్లో "బ్యాటిల్ రెడీ" అని రాశారు కూడా. 440 స్టెయిన్‌లెస్ స్టీల్, మొత్తం పొడవు 120 సెంటీమీటర్లు, బరువు 2.6 కిలోలు, "ఫుల్ టాంగ్ స్టైల్" అట. బరువు ఎక్కువుంటే గట్టిదనే కదా లెక్క? తెలిసినవాళ్ళు చెప్పండి అన్నలూ.

సానరాయి:

"ఫుల్ టాంగ్ స్టైల్" దగ్గర ఆగిపోయా తమ్ముడూ. ఫుల్ టాంగ్ ఉంటే ఉందని రాస్తారు, లేకపోతే ఊరుకుంటారు, ఈ "స్టైల్" ఏంటి మధ్యలో.

ముందు అసలు సంగతి చెప్తా. నువ్వు బ్లేడ్ చూస్తున్నావ్, చూడాల్సింది పిడి లోపల. బ్లేడ్ వెనక భాగం పిడిలోకి దూరి ఉంటుంది కదా, దాన్నే టాంగ్ అంటారు. తిప్పడానికి చేసిన కత్తిలో ఆ టాంగ్, బ్లేడ్ ఒకే ఇనుము, గార్డ్ దగ్గర వెడల్పుగా మొదలై పిడి చివరిదాకా వెళ్తుంది, అక్కడ పామెల్‌కి, అంటే పిడి చివర ఉండే గుబ్బకి, గట్టిగా బిగిస్తారు, కొన్నిట్లో చివరని సుత్తితో కొట్టి రివిట్‌లా పరుస్తారు. డెకరేషన్ వాటిల్లో ఎక్కువగా ఏం చేస్తారంటే బ్లేడ్‌ని గార్డ్ దాటాక కాస్త ఉంచి కోసేసి, దానికి పెన్సిల్ అంత మందం కూడా లేని మరకడ్డీ ఒకటి వెల్డ్ చేసి, పైన పిడి దూర్చి చివర నట్టు బిగిస్తారు. గోడకి ఉన్నంతకాలం దానికేం కాదు. ఊపావనుకో, బ్లేడ్ బరువు మొత్తం, ఊపులో వచ్చే బలం మొత్తం ఆ వెల్డ్ మీదే పడుతుంది, అది కూడా గార్డ్ వెనక పిడి లోపల, అంటే పగులు వచ్చినా నీకు కనపడదు. పది సార్లు ఊపినా ఏం కాలేదు కదా అని పదకొండోసారి ఊపితే పిడి నీ చేతిలో ఉంటుంది, బ్లేడ్ ఎక్కడికి పోతుందో దాని ఇష్టం.

టీవీ షాపింగ్ ప్రోగ్రామ్‌లో కటానా, అంటే జపాన్ వాళ్ళ కత్తి, అమ్ముతూ దాని గట్టిదనం చూపిద్దామని టేబుల్ మీద కొట్టడం, మొన విరిగి ఆ ముక్క ఎగిరి ఆ చూపించేవాడికే తగలడం, ఆ పాత వీడియో చూసే ఉంటావ్. అందరూ నవ్వుకోవడానికి షేర్ చేస్తారు గానీ వాడికి నిజంగానే దెబ్బ తగిలింది.

ఇంక స్టెయిన్‌లెస్ సంగతి. చిన్న కత్తులకి అది బ్రహ్మాండమైన స్టీల్, దాన్ని తిట్టట్లేదు. తుప్పు పట్టకుండా ఉండడానికి అందులో క్రోమియం బాగా కలుపుతారు, 440 రకాల్లో 16 నుంచి 18 శాతం దాకా ఉంటుంది, దాని వల్ల గట్టిదనం వస్తుంది కానీ వంగి మళ్ళీ వెనక్కి వచ్చే గుణం తగ్గుతుంది. జానెడు బ్లేడ్‌కి అది సమస్య కాదు. మీటరు దగ్గరగా పొడవున్న బ్లేడ్‌ని దేనికైనా కొట్టినప్పుడు అది వంగాలి, వణకాలి, తిరిగి నిటారు కావాలి, ఇది ఆ పని చెయ్యదు, పుటుక్కుమంటుంది. అందుకే ఫంక్షనల్ వాటికి మామూలు కార్బన్ స్టీల్ గానీ స్ప్రింగ్ స్టీల్ గానీ వాడతారు. 1045, 1060, 1095 అని నంబర్లు కనిపిస్తాయి చూడు, చివరి రెండు అంకెలు కార్బన్ ఎంతో చెప్తాయి, 1060 అంటే సుమారు 0.60 శాతం. 5160, 9260, 6150 ఇవి స్ప్రింగ్ స్టీల్స్, బండి కింద వేసే కమాన్ పట్టీలకి 5160 వాడతారు కాబట్టి దాని ఓర్పు ఎంతో ఊహించుకోవచ్చు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో, నంబర్ చూసి మురిసిపోవద్దు, హీట్ ట్రీట్‌మెంట్, అంటే కాల్చి చల్లార్చి గట్టిపరిచే పని, సరిగా చెయ్యకపోతే ఎంత మంచి స్టీలైనా దండగే. సరిగ్గా చేసిన 1045, చెడగొట్టిన 1095 కన్నా వెయ్యి రెట్లు నయం.

బరువు గురించి వేరేవాళ్ళు చెప్తారేమో, నా చేతులు నొప్పెడుతున్నాయి.

పొడుగుకత్తి:

బరువు నేను చెప్తా, ఎందుకంటే మా క్లబ్‌కి కొత్తగా వచ్చే ప్రతివాళ్ళూ ఇదే అనుకుంటారు. నేను హీమా చేస్తా, అంటే పాత యూరప్ కత్తిసాము, అప్పటి పుస్తకాలు చూసి నేర్చుకునేది.

120 సెంటీమీటర్ల లాంగ్‌సోర్డ్ అసలైనదైతే ఒకటింబావు కిలో నుంచి ఒకటిన్నర కిలో ఆ మధ్యలో ఉంటుంది. ఒక చేత్తో పట్టే మధ్యయుగం కత్తులు కిలో చుట్టుపక్కలే. కటానా కూడా అంతే. మనిషంత ఎత్తుండే పెద్ద రెండు చేతుల కత్తులు మాత్రమే 2 కిలోలు దాటి 3 దాకా వెళ్తాయి. నువ్వు చెప్పిన 2.6 కిలోల సరుకు ఇనప బద్దకి కత్తి ఆకారం ఇచ్చినట్టు ఉంటుంది. అప్పట్లో దీంతో ప్రాణాలు కాపాడుకోవాలి కదా బ్రో, ఎత్తి దించేలోపు ఎదుటివాడు పని కానిచ్చేస్తే ఇంక బరువెందుకు.

డెకరేషన్ వాటికి బరువు ఎందుకు పెరుగుతుందంటే బ్లేడ్ మందం మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉంటుంది, షీటు కోసి అంచులు సాన పట్టేస్తారు, పని అయిపోతుంది. అసలు కత్తి గార్డ్ దగ్గర 5, 6 మిల్లీమీటర్లతో మొదలై మొన వైపు వెళ్ళేకొద్దీ పలచబడుతూ 2, 3 మిల్లీమీటర్లకి వస్తుంది. దీన్ని డిస్టల్ టేపర్ అంటారు. ఫొటోలో ఎదురుగా చూస్తే ఇది అసలు కనపడదు, అందుకే కొనేవాళ్ళు పట్టించుకోరు, కానీ నువ్వు అడిగిన "సాదా దానికి రేటెందుకు ఎక్కువ" అన్నదానికి సగం జవాబు ఇదే. ఆ పలచదనం తేవడానికి బోలెడు పని, చెక్కుడు బొమ్మలు అచ్చులో పోసేస్తే వచ్చేస్తాయి. దీనివల్ల బ్యాలెన్స్ కూడా మారిపోతుంది. మంచి లాంగ్‌సోర్డ్‌ని వేలి మీద నిలబెడితే గార్డ్ ముందు 8 నుంచి 12 సెంటీమీటర్ల దగ్గర నిలుస్తుంది, చేతిలోకి తీసుకుంటే బరువున్నట్టే అనిపించదు. మొన బరువున్నది ఊపడం మొదలుపెడితే ఆపడం నీ చేతిలో ఉండదు, మణికట్టు పట్టేస్తుంది.

ఇంకో మాట, నువ్వు "తిప్పుతా", "నరుకుతా" రెండూ ఒకే వాక్యంలో అనేశావ్, అవి రెండూ వేరు. వీటికి తోడు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఆడటం ఇంకో పని. ఆడటానికి వాడేవి పదును లేకుండా అంచులు మందంగా ఉంచి, మొన చుట్టేసి, పొడిస్తే విల్లులా వంగేలా చేస్తారు, ఫెడర్ అంటారు మేం. నరకడానికి పదును కావాలి. గాల్లో తిప్పుకోవడానికి మాత్రం పదునే అక్కర్లేదు. ఇయాయిదో అని జపాన్ వాళ్ళకి ఒరలోంచి కత్తి దూసే విద్య ఒకటుంది, అందులో వాడే ఇయాయితో అనే కత్తి చూడు, జింక్ అల్యూమినియం మిశ్రమంతో పోస్తారు, పదును ఉండదు, దేన్నీ దాంతో కొట్టకూడదు, కొడితే పాడవుతుంది, కానీ ఒరలోంచి తియ్యడం, ఊపడం, మళ్ళీ పెట్టడం, ఈ పనికి ఏళ్ళ తరబడి వాడుకుంటారు. మరి అది ఫంక్షనలా డెకరేషనా? దాని పనికి అది నూటికి నూరు శాతం ఫంక్షనలే. కాబట్టి నువ్వు ముందు ఏం చేస్తావో తేల్చుకో, పేరు తర్వాత పెడదాం.

గోడమీదిబొమ్మ:

అందరూ డెకరేషన్ మీద పడిపోయారు, నేనొక్కదాన్నే అటువైపు మాట్లాడాలి కాబోలు.

మా ఇంట్లో గోడకి నాలుగు కత్తులున్నాయి, అన్నీ డెకరేషనే, ఏదీ ఎప్పుడూ దింపను, దుమ్ము తుడవడానికి తప్ప. నాకు వాటి వల్ల ఒక్క తలనొప్పి లేదు. కార్బన్ స్టీల్ తెచ్చి చూడండి తెలుస్తుంది, ఎవరో వచ్చి "అబ్బ భలే ఉందే" అని బ్లేడ్ మీద వేలు రాస్తారు, వాళ్ళు వెళ్ళిపోయాక కొన్నాళ్ళకి అదే చోట వేలిముద్ర ఆకారంలో తుప్పు. గాల్లో తేమ ఉన్న చోటైతే ఇంకా చెప్పక్కర్లేదు. పైగా పదునున్నది గోడకి పెట్టి ఇంట్లో పిల్లలుంటే మీకు నిద్ర పడుతుందా? నాకు పట్టదు.

అలంకారానికి కత్తి చెయ్యడం ఇప్పుడు పుట్టిన మోసం కూడా కాదండీ. ఊరేగింపుల్లో రాజు ముందు మోసే కత్తులని వేరేగా చేయించేవాళ్ళు, యుద్ధానికి పనికిరానంత పెద్దవి, బంగారు పని, రాళ్ళు పొదగడం. వాటి పని కనపడటమే. కాబట్టి సింహం తల నచ్చితే నిక్షేపంగా కొనుక్కోండి, దాన్ని ఊపకండి, అంతే. మీ సమస్య డెకరేషన్ కత్తి కాదు, దాని మీద "బ్యాటిల్ రెడీ" అని రాసినవాడు. ఆ మాటకి ఏ కొలతా లేదు, ఎవరూ పరీక్ష పెట్టి ముద్ర వెయ్యరు, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు రాసుకోవచ్చు.

పాతఇనుపసామాను:

గోడమీదిబొమ్మ గారి మాటే నాదీను. అయితే సానరాయి అన్న చెప్పినదాంట్లో చిన్న సవరణ, లేకపోతే ఇది చదివినవాళ్ళు టాంగ్ పిడి చివరిదాకా లేని ప్రతి కత్తినీ నకిలీ అనేస్తారు.

మన తల్వార్లు తీసుకోండి. పాతవి ఏ మ్యూజియంలో చూసినా పిడి మొత్తం లోహం, కింద గుండ్రటి పళ్ళెం లాంటి పామెల్. అందులో టాంగ్ పొట్టిగానే ఉంటుంది, చాలావాటిల్లో పిడి చివరిదాకా రాదు, పిడి బోలులో లక్క లాంటి జిగురు కరిగించి పోసి అందులో టాంగ్‌ని కూర్చోబెట్టేవాళ్ళు. రివిట్ లేదు, నట్టు లేదు. వాటితోనే గుర్రాల మీద యుద్ధాలు చేశారు. అలాగే యూరప్ పాత కత్తుల్లో టాంగ్ సన్నగా ఉండేవి బోలెడున్నాయి, కటానాలో అయితే పిడిని పట్టి ఉంచేది వెదురుతో చేసిన చిన్న మేకు ఒకటో రెండో, మెకుగి అంటారు. ఊపే ముందు ప్రతిసారీ ఆ మేకు వదులైందేమో చూసుకుంటారు.

సన్నగా ఉందా పొట్టిగా ఉందా అన్నది కాదు పాయింటు. బ్లేడ్‌తో కలిపి ఒకే ఇనుముతో సాగదీశారా, లేక వేరే కడ్డీ తెచ్చి అతికించారా అన్నది పాయింటు. అతుకు ఉందంటే దూరం పెట్టండి. తల్వార్ లాగే ఇప్పుడు చేసి అమ్మేవాటిల్లో మాత్రం లక్క బదులు ఏం పోశారో ఎవడికీ తెలీదు కాబట్టి వాటిని ఊపేముందు రెండుసార్లు ఆలోచించండి.

పనిలో పని, బ్లేడ్ మధ్యలో పొడుగ్గా గాడి ఉంటుంది కదా, దాన్ని రక్తం కారడానికి అని అమ్మేవాళ్ళు కథలు చెప్తారు. అది బరువు తగ్గించడానికి, బలం పోకుండా ఇనుము తీసెయ్యడానికి, అంతే. ఈ కథ చెప్పినవాడి దగ్గర ఏదీ కొనకండి అని నా సలహా, తెలిసినవాడైతే ఆ కథ చెప్పడు.

సానరాయి:

@పాతఇనుపసామాను కరెక్టే అన్నా, నేను లాంగ్‌సోర్డ్ ఒక్కటే మనసులో పెట్టుకుని రాసేశా. తల్వార్ లెక్క వేరే.

మీనమేషాలు:

మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి, డమాస్కస్ అని అలలు అలలుగా గీతలుండేవి వస్తున్నాయి కదా, అవి రెండిటికీ పనికొస్తాయా? అందంగానూ ఉంటాయి, గట్టివి అని కూడా అంటున్నారు.

పాతఇనుపసామాను:

ఆ గీతలు చూసి గట్టిదనం చెప్పలేం. ఇప్పుడు డమాస్కస్ అని అమ్మేవి రెండు రకాల స్టీల్ పొరలు పొరలుగా కలిపి కొట్టి యాసిడ్‌లో ముంచితే వచ్చే డిజైన్. పాత రోజుల్లో పేరు పడ్డది మన దక్షిణాది మూసల్లో కరిగించిన ఉక్కు, కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండేది, ఆ గీతలు ఉక్కు లోపలే కార్బైడ్లు, అంటే కార్బన్ కలిసిన గట్టి రేణువులు, బారులు తీరడం వల్ల వచ్చేవి. రెండూ ఒకటి కాదు. ఇప్పటి పొరల పని బాగా చేసేవాళ్ళు చేస్తే కత్తి బాగానే ఉంటుంది, పొరల మధ్య అతుకు సరిగా పడకపోతే విడిపోతుంది. ఇంకా చవకవైతే పైపైన యాసిడ్‌తో బొమ్మ గీసినవే, రుద్దితే పోతుంది. కటానా అంచున తెల్లటి అల ఉంటుంది చూశారా, హామోన్, దానికీ ఇదే గతి. అసలుది మట్టి పూసి చల్లార్చడం వల్ల అంచు గట్టిగా, వీపు మెత్తగా అవ్వడంతో వస్తుంది, నకిలీది బ్రష్‌తో గీకితే వస్తుంది.

ఒరలేనికత్తి:

అమ్మో ఇంత ఉందా. సింహం తల దాని గురించి అమ్మేవాడికి మెసేజ్ పెట్టా, "టాంగ్ ఫొటో పంపండి, వెల్డింగ్ ఉందా" అని. "సార్ ఇది చాలా స్ట్రాంగ్, మూవీ క్వాలిటీ" అని జవాబొచ్చింది. ఫొటో రాలేదు 😀

ఇంకా ఏం అడగాలో చెప్పండి, ఆ సాదా దాని వాళ్ళని కూడా అడుగుతా. ఒక పక్క నాకింకా ఒకటే కత్తితో అయిపోతే బాగుండనే ఉంది.

పొడుగుకత్తి:

మూవీ క్వాలిటీ అంటే భయపడాలి బ్రో, సినిమాల్లో ఫైట్లకి వాడేవి చాలావరకు అల్యూమినియం, దగ్గరగా చూపించే షాట్‌కి వేరేది ఉంటుంది.

అడగాల్సినవి: స్టీల్ పేరు నంబర్‌తో సహా, హార్డ్‌నెస్ రాక్‌వెల్ సి స్కేల్‌లో ఎంత (లాంగ్‌సోర్డ్‌కి 50 చుట్టుపక్కల చెప్తే నమ్మొచ్చు, లాంగ్‌సోర్డ్‌కి 60 అని గొప్పగా చెప్తే అనుమానించు, కటానా అంచుకైతే 60 మామూలే), గార్డ్ దగ్గర మందం, మొన దగ్గర మందం, బ్యాలెన్స్ ఎక్కడ, ఒర లేకుండా కత్తి బరువు ఎంత. నిజంగా చేసేవాళ్ళకి ఇవన్నీ నోటికొచ్చి ఉంటాయి, అడిగితే సంతోషిస్తారు కూడా. గార్డ్, పామెల్ దేంతో చేశారో కూడా అడుగు, జింక్ పోత అంటే అది గోడకే. చేతికొచ్చాక పిడి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడు, లోపల టకటకమంటే వాడకు.

ఒకటే కత్తి అంటావా, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, నువ్వేమో రెండు ఒరల్లో ఒకే కత్తి పెడదామంటున్నావ్. సీరియస్‌గా చెప్పాలంటే సాదా ఫంక్షనల్ కత్తిని గోడకి పెట్టొచ్చు, దానికేం నామోషీ లేదు, డెకరేషన్ దాన్ని మాత్రం గోడ మీంచి దింపి ఊపలేవు. కాబట్టి ఒక్కటే కొంటే ఏది కొనాలో తేలిపోయినట్టే. నరకడం నిజంగా కావాలనుకుంటే మాత్రం ముందు ఎవరి దగ్గరైనా నేర్చుకో. అంచు వెళ్ళే దారీ, ఊపూ ఒకే గీత మీద లేకపోతే పదునున్న కత్తి కూడా బాటిల్‌ని తోసేస్తుంది, లేదా పక్కకి జారి నీ మోకాలి వైపు వస్తుంది. తడిపిన చాప చుట్టలు, నీళ్ళతో నింపిన పలచటి ప్లాస్టిక్ బాటిల్స్ వరకే. కొయ్య, గాజు, ఇంకో కత్తి, వీటి జోలికి పోవద్దు. ఇంట్లో అసలు వద్దు, బయట కూడా ఊపు వెళ్ళే వైపు ఎవరూ ఉండకూడదు, వీడియో తీసే ఫ్రెండ్‌తో సహా, నిజానికి వాడే ఎప్పుడూ ముందుకొచ్చేస్తాడు.

గోడమీదిబొమ్మ:

పదునున్నది తెచ్చుకునే ముందు మీరున్న చోట దానికి లైసెన్స్ లాంటిది కావాలేమో కూడా కనుక్కోండి, ఒక్కో చోట ఒక్కో రూల్. పదును లేనిది తెప్పించుకుంటే ఇంట్లో భయమూ తక్కువే, చాలామంది అదే మోడల్ పదునుతో, పదును లేకుండా రెండు రకాలుగా చేస్తారు.

ఒరలేనికత్తి:

ఇది బాగుంది, నాకిది తట్టలేదు. సాదా దాని వాళ్ళని అడిగా, 6150 స్టీల్, 1.4 కిలోలు, హార్డ్‌నెస్ 50 నుంచి 52, మందం 5.5 నుంచి 2.3 మిల్లీమీటర్లకి తగ్గుతుందట, టాంగ్ ఫొటో కూడా అడక్కముందే పంపేశారు. పదును లేనిదే తీసుకుంటా, ప్రస్తుతానికి తిప్పుకుంటా, బాటిల్స్ సంగతి ఎక్కడైనా నేర్చుకున్నాక చూద్దాం. సింహం తల మీద మనసు చావట్లేదు, అది తర్వాతెప్పుడైనా.

చివరగా ఒకటి, తుప్పు రాకుండా ఏం రాయాలి? ఒరతో పాటు వస్తుంది, అందులోనే పెట్టి గోడకి తగిలించొచ్చా?

సానరాయి:

ఒర తోలుదైతే అందులో పెట్టి వదిలెయ్యకు. తోలు తేమని పట్టుకుంటుంది, తోలుని శుద్ధి చెయ్యడానికి వాడిన టానిన్లూ గట్రా రసాయనాలు ఇనుముని తింటాయి, బయటికి ఏం కనపడదు, తీసి చూసేసరికి మచ్చలు. కత్తి వేరే, ఒర వేరే తగిలించు. పట్టుకున్న ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి పలచగా మినరల్ ఆయిల్ రాయి, కుట్టుమిషన్‌కి వేసేది కూడా పనిచేస్తుంది. వంటనూనె మాత్రం వద్దు, కొన్నాళ్ళకి జిగురైపోతుంది. ఎక్కువ రోజులు ముట్టుకోను అనుకుంటే మ్యూజియంల వాళ్ళు వాడే మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పలచగా పట్టించు, దుమ్ము అంటుకోదు. పిడి తోలుకి నూనె తగలనివ్వకు, మెత్తబడి జారుతుంది.

గోడకి రెండు మేకులు కొట్టి దాని మీద పెట్టేస్తా అనకు, స్క్రూలు బిగించే బ్రాకెట్ తీసుకో, కింద సోఫా లేని చోట.